నదికి అప్పగించిన మేడ

“తాతయ్యా, సంక్రాంతి అంటే ఊరికి వెళ్ళటమేనా? ఊరు లేనివాళ్ళకు సంక్రాంతి ఉండదా?”

పదేళ్ళ మా మనవరాలు ఒక జనవరి మాసపు సాయంకాలం నన్ను ఈ ప్రశ్న అడిగింది. అడిగి, జవాబు కోసం వేచి ఉండకుండా తన పుస్తకంలో తల దూర్చింది. జవాబు వెతుక్కునే పని నాకు మిగిలింది.

ధనుర్మాసం రాగానే పిల్లలను చెంత కూర్చోబెట్టుకుని శ్రీకాకుళం వైపున ఉన్న మా ఊరి సంక్రాంతిని వర్ణించటం నాకు చిరకాలపు అలవాటు. తెల్లవారుజాము భోగిమంటలు, తలపై అక్షయపాత్రతో హరిదాసు, ముంగిట గంగిరెద్దు, ముగ్గుల నడుమ గుమ్మడిపువ్వు తురిమిన గొబ్బెమ్మలు - చెబుతున్నంతసేపూ నా కన్నుల ముందు ఊరు కదలాడుతుంది. పిల్లల కన్నుల ముందు ఏమి కదలాడుతున్నదో నేను ఏనాడూ అడిగి తెలుసుకోలేదు. ఆ ఊరిని వారు ఒక్క వేసవిలో, అదీ రెండు రోజులు మాత్రమే చూశారు. అప్పటికి మా ఇంటి స్థానే వేరొకరి మేడ లేచి ఉన్నది.

ఆ యేడు ఈ ప్రశ్నకు మరొక బరువు కూడా ఉన్నది. మా అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం స్థిరపడినది. వేసవి సెలవులలో మేమంతా జంషెడ్‌పూర్ విడిచి వెళ్ళవలసి ఉన్నది. “ఇన్నాళ్ళకు మనవాళ్ళ మధ్యకు పోతున్నాం” అని నా భార్య మురిసిపోయింది. నేనూ మురిసిపోయానని అనుకున్నాను. కాని డెబ్బై ఏళ్ళుగా నేను నిద్ర లేచినది ఈ ఊరి కర్మాగారపు కూత విని.

మా నాన్నగారు రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రైలెక్కి ఇక్కడికి వచ్చారు. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడినది. 1912లో ఇక్కడ తొలి ఉక్కు దిమ్మ తయారయినది. సాక్చి అనే పల్లె చుట్టూ పెరిగిన ఈ పట్టణానికి 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు జంషెడ్‌జీ టాటా పేరు పెట్టాడు. ఆ కొలిమిలో పని కోసం దేశం నలుమూలల నుండి జనం వచ్చినట్లే, ఉత్తరాంధ్ర పల్లెల నుండి మనవాళ్ళూ వచ్చారు. వచ్చినవారు ఊరకుండలేదు. బిష్టుపూర్‌లో శ్రీరామ మందిరం నిలబెట్టారు. కదమాలో ఆంధ్ర అసోసియేషన్ ఏర్పరచుకున్నారు. మా నాన్నగారు వచ్చినది బీహారు రాష్ట్రానికి. మనవలు పుట్టినది 2000 నవంబరు 15న ఏర్పడిన జార్ఖండు రాష్ట్రంలో. ఊరు మాత్రం అదే.

ఇంత కాలమున్నా సంక్రాంతి అనగానే నా మనస్సు రైలెక్కి దక్షిణానికే పోయేది. మకర సంక్రమణం నాడు ఇక్కడి పల్లెలు చేసుకునే పండుగను నేను కిటికీలోంచి చూసినవాడనే తప్ప, పని కట్టుకుని వెళ్ళి చూసినవాడను కాను. మనవరాలి ప్రశ్న విన్న రాత్రి నిశ్చయించుకున్నాను: ఈసారి పిల్లలకు లేని ఊరిని వర్ణించటం మాని, ఉన్న ఊరిని చూపించాలి. వారిని టుసు మేళాకు తీసుకువెళ్ళాలి.

టుసు పరబ్ అనేది జార్ఖండు ఆగ్నేయ భాగంలోను, దానిని ఆనుకున్న బెంగాల్, ఒడిశా పల్లెలలోను జరిగే పంటల పండుగ. కుడ్మి మహతోలు దీనిని ముఖ్యంగా జరుపుకుంటారు. భూమిజులు మొదలైనవారూ పాల్గొంటారు. సంతాలులు ఇవే రోజులలో చేసుకునే పండుగ పేరు సక్రాత్. ఆ మాటలో మన సంక్రాంతి వినిపిస్తూనే ఉన్నది.

పౌష మాసం మొదలయ్యేటప్పుడు పెళ్ళికాని ఆడపిల్లలు ఒక మట్టిపాత్రకు బియ్యపు పిండి పూసి, అందులో కొత్త ధాన్యపు ఊక నింపుతారు. దానిమీద వడ్లు, గరిక, బంతిపూలు, ఆవుపేడ ముద్దలు ఉంచుతారు. అదే టుసు. ‘తుష్’ అంటే ఊక. దానినుండే ఈ పేరు వచ్చినదని చెప్పేవారు ఎక్కువ. నెల పొడుగునా ప్రతి సాయంకాలమూ ఆ పిల్లలు టుసు చుట్టూ చేరి పాటలు పాడతారు. పేడముద్దల మీద పువ్వులు పెట్టి, చుట్టూ చేరి పాడటమన్నది మన గొబ్బెమ్మ సంగతి కాదా? వందల మైళ్ళ దూరాన, వేరొక భాషలో, ఎవరికి ఎవరు నేర్పారో తెలియకుండా అదే పని జరుగుతున్నది.

పోలిక అక్కడితో ఆగదు. మనకు భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ అన్నట్లు వారికీ నాలుగు రోజులున్నాయి. చాఁవుడి నాడు ఇల్లూ వాకిలీ పేడతో అలికి బియ్యం పిండి కొట్టుకుంటారు. బాఁవుడి నాడు పిండివంటలు చేసి, ఆ రాత్రంతా టుసు ముందు జాగారం చేస్తారు. మకర సంక్రాంతి నాడు నదీస్నానం, టుసు నిమజ్జనం. ఆ మరునాటి ఆఖాయిన్ జాత్రా వారి వ్యవసాయపు సంవత్సరాది.

ఈ పాటల గురించి ఒక చరిత్ర ఉన్నది. నాటి బీహారులోని మాన్‌భూమ్ జిల్లాలో బెంగాలీ మాట్లాడే ప్రజలు తమ భాష కోసం ఆందోళన జరిపినప్పుడు, 1954లో టుసు పాటలనే ఆయుధంగా చేసుకున్నారు. ఊరూరా, సంతలోనూ పాడి అరెస్టయినవారు ఎందరో. దానికి టుసు సత్యాగ్రహమని పేరు. చివరకు 1956 నవంబరు 1న పురూలియా ప్రాంతం బెంగాల్‌లో చేరింది. సరిగ్గా ఆ రోజునే ఆంధ్ర ప్రదేశ్ అవతరించినది. ఆడపిల్లలు ఊక కుండ ముందు పాడుకునే పాటకు అంత బలమున్నదని నాకు ఎంతో ఆలస్యంగా తెలిసింది.

సంక్రాంతి నాటి ఉదయం బయలుదేరాం. సోనారీ దాటిన తరువాత ఖర్కాయి నది వచ్చి సువర్ణరేఖలో కలిసే చోటు దోముహానీ. రెండు ముఖాలు కలిసే చోటని ఆ పేరు. ఇక్కడి జాతర ఒక్క పూటలో పిల్లలతో చూసి రాదగినది. చాండిల్ వైపు జయదా శివాలయం వద్ద జరిగే మేళా ఇంకా పెద్దదంటారు; కాని ఆరేళ్ళ మనవడి కాళ్ళను, నా మోకాళ్ళను దృష్టిలో పెట్టుకోవలసి వచ్చింది.

బయలుదేరే ముందు నేను పెద్దరికంతో కొన్ని నియమాలు విధించాను. ఫోను నంబరు వ్రాసిన కాగితం ముక్క ప్రతి పిల్లవాడి జేబులోనూ ఉండాలి. తప్పిపోతే వెతుక్కుంటూ తిరగరాదు. ఉన్నచోటనే నిలబడి, పిల్లలను వెంట తెచ్చుకున్న ఏ తల్లినయినా అడగాలి. చేతికి ఇచ్చిన వంద రూపాయలూ వాళ్ళ ఇష్టం. కాని అయిపోయాక మళ్ళీ అడగరాదు. కోడలు ఇవన్నీ విని ఒకే మాట అన్నది: “మావయ్యగారూ, చిన్నవాడి చెయ్యి మాత్రం వదలకండి.”

నది మీద పొగమంచు ఇంకా విడలేదు. చన్నీళ్ళలో మునిగి లేచినవారు ఒడ్డున వేసిన మంటల చుట్టూ వణుకుతూ నిలబడ్డారు. పసుపుపచ్చ, ఎరుపు కొత్త చీరలు ఇసుక మీద వరుసలు కట్టి కదులుతున్నాయి. అంగళ్ళలో మరమరాలు, వేడివేడి జిలేబీలు, ఆకుదొన్నెలలో శనగల ఘుగ్నీ, కట్టలు కట్టిన చెరకుగడలు, వెదురు పిల్లనగ్రోవులు, మట్టి గుర్రాలు. వాటి పక్కనే కొడవళ్ళు, గునపాలు, చేపల బుట్టలు. ఇంటికి కావలసినవీ, పిల్లలకు కావలసినవీ ఒకే పట్టా మీద పరిచి ఉండటమే జాతర అందం. పెద్ద దుకాణంలో అయితే పిల్లవాడు బొమ్మల గదిలోనే ఉండిపోతాడు. ఇక్కడ కొడవలి పదును చూసే రైతును కూడా చూస్తాడు.

అంతలో ధమ్సా మోగింది. గుండె లోపల దెబ్బ పడినట్లుండే పెద్ద నగారా అది. దాని వెంట మాదల్ మద్దెలలు. జనం తొలగి దారి ఇచ్చారు. అప్పుడు వచ్చింది చౌడల్.

వెదురు బద్దలతో కట్టి, రంగు కాగితాలు అతికించి, అంతస్తులు అంతస్తులుగా లేపిన మేడ చౌడల్. గోపురాలు, కిటికీలు, కాగితపు పూలు, తళుకు తోరణాలు. టుసుకు అది ఊరేగే పల్లకి, కాపురమున్న సౌధం కూడా. అటువంటివి నాలుగయిదు వచ్చాయి. ఒక్కొక్క దాని వెంట ఒక్కొక్క పల్లె ఆడపిల్లలు పాడుతూ వస్తున్నారు. ఎదుటి జట్టు తారసపడినప్పుడు పాట వేగం మారుతుంది. తమ టుసు అందం గొప్పదని, ఎదుటివారి టుసుకు నగలూ నాణ్యాలూ లేవని ఎగతాళి. వారు వెంటనే బదులు చెబుతారు. కోపం లేదు, ఓడినవారూ నవ్వుతారు. మనవరాలు నా కంటె బాగా ఆ మాటలు పోల్చుకుని నాకు అర్థం చెబుతుంటే, మన పల్లె ఆడపడుచుల పెళ్ళిపాటలలోని వియ్యపురాలి వేళాకోళం జ్ఞాపకం వచ్చింది.

మనవడి చూపు అన్నిటిలోకీ చిన్నదైన చౌడల్ మీద నిలిచింది. దానిని ఎత్తుకున్న అమ్మాయికి పధ్నాలుగేళ్ళు ఉంటాయేమో. వాడు తిన్నగా వెళ్ళి తన వంద రూపాయల నోటు చాచి, “దీదీ, ఇది నాకు ఇస్తావా?” అని హిందీలో అడిగాడు.

ఆ అమ్మాయి నోటు వంక చూడలేదు. “ఇది అమ్మేది కాదు బాబూ. నదికి ఇచ్చేది” అన్నది.

“ఎన్నాళ్ళు చేశావు?”

“పదిహేను రోజులు. నేనూ మా చెల్లెలూ.”

“పదిహేను రోజులు చేసి నీళ్ళలో పారేస్తావా?” వాడి గొంతులో అన్యాయం జరుగుతున్నదన్న ధ్వని. అమ్మాయి నవ్వి ముందుకు సాగిపోయింది.

ఇక నా నేరం చెప్పుకోవాలి. జాతర అంచున, తుమ్మచెట్ల అవతల, మగవాళ్ళు వలయంగా నిలబడి ఉన్నారు. ఆ నిశ్శబ్దం, ఆ తరువాత ఒక్కసారిగా లేచిన కేక - అక్కడ ఏమి జరుగుతున్నదో నాకు చెప్పనక్కరలేదు. చిన్నతనంలో సంక్రాంతి సెలవులకు ఊరికి పోయినప్పుడు మా పెదనాన్న భుజం మీద కూర్చుని చూసిన కోడిపందెం ఈనాటికీ నాలో ఎక్కడో ఉన్నది. కాళ్ళు నన్ను అటు తీసుకుపోయాయి. జనం భుజాల మీదుగా తొంగి చూశాను. కాళ్ళకు కట్టిన కత్తులు, ఎగిరిన ఈకలు. ఒక్క నిమిషమే ననుకున్నాను.

“తాతయ్యా, ఆ కోడికి కత్తి ఎవరు కట్టారు?” అన్న మనవరాలి గొంతు విని ఇటు తిరిగాను. దాని ముఖం పాలిపోయి ఉన్నది. 1960 నాటి జంతు హింసా నిరోధక చట్టం ఇటువంటి పందేలను నిషేధించినదని తెలిసినవాడిని. అయినా ఆ ముఖం చూసేవరకు నాకు సిగ్గు కలగలేదు. జవాబు చెప్పబోయి రెండవ చెయ్యి చూసుకున్నాను. ఖాళీగా ఉన్నది. మనవడు లేడు.

ఆ తరువాతి పదిహేను నిమిషాలు నేను వర్ణించలేను. ఒక వైపు జనం, ఒక వైపు నది. ధమ్సా మోత ఎంత పెద్దదంటే నా కేక నాకే వినబడలేదు. నియమాలన్నీ వ్రాసి పెట్టినవాడు తానే నియమం తప్పితే ఎవరితో మొర పెట్టుకోవాలి? కోడలి మాట ఒక్కటే చెవులలో గింగురుమన్నది. మనవరాలే నన్ను చెయ్యి పట్టి ఆపింది. “తాతయ్యా, పరుగెత్తకు. ఉన్నచోటనే నిలబడమని వాడికి నువ్వే చెప్పావుగా. మనం వచ్చిన దారినే వెనక్కు పోదాం.”

వచ్చిన దారినే పోయాం. చెరకుగడల అంగడి పక్కన, నేల మీద గోనెపట్టా పరుచుకుని కూర్చున్న ఒక ముసలావిడ ఒడి ముందు వాడు కనిపించాడు. పక్కన ఆమె మనవలు ఇద్దరు. ఆమె మా వాడి జేబులోని కాగితాన్ని చేత పట్టుకుని, చదవగలవారి కోసం దారిన పోయేవారి ముఖాలు చూస్తున్నది. వాడు ఏడవటం లేదు. బుగ్గ నిండా ఏదో నములుతున్నాడు.

నేను చేతులు జోడించాను. మాట రాలేదు. ఆమె తన భాషలో ఏదో అని, మళ్ళీ నాకు తెలియాలని హిందీలో చెప్పింది: “ఏడిస్తే ఆకలి అనుకున్నాను దాదా. పిల్లలు పండుగ నాడు ఆకలితో ఉండగూడదు. నువ్వు కూడా కూర్చో.” నన్ను మందలించలేదు. మందలించి ఉంటే కొంత తేలికగా ఉండేది.

ఆకు మీద ఒకటి నా చేతిలో పెట్టింది. గుండ్రంగా, ముదురు గోధుమ రంగుతో, నూనె మెరుస్తూ ఉన్నది. కొరికాను. కొత్త బియ్యపు పిండి, బెల్లపు పాకం. నాలుకకు అనుమానమే లేదు. అరిసె!

“దీనిని ఏమంటారు మాసీ?” అన్నాను.

“ఆర్సా పీఠా” అన్నది.

మా నాయనమ్మ పేరు పెట్టి పిలిచినట్లయింది. ఒరియా వారు దానినే ఆరిసా అంటారని విన్నాను గాని, నా ఇంటికి నాలుగు మైళ్ళలో ప్రతి సంక్రాంతికీ ఆ పాకం ఉడుకుతూనే ఉన్నదని ఇన్నేళ్ళలో తెలుసుకోలేదు. మాకు పార్సెలులో ఊరి నుండి అరిసెలు వచ్చేవి. అవి ఆలస్యమయితే మా అమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకునేది.

మధ్యాహ్నం దాటాక నిమజ్జనం మొదలయినది. ఆడపిల్లలు చౌడళ్ళతో మోకాలి లోతు నీళ్ళలోకి దిగారు. అంతవరకు వేళాకోళంతో ఎగిరిన పాట అక్కడ నెమ్మదించింది. కూతురిని అత్తవారింటికి పంపేటప్పటి గొంతు అది. ఇందాకటి అమ్మాయి తన చిన్న మేడను నీటి మీద ఉంచి ఒక్క క్షణం పట్టుకుని ఉండి, విడిచింది. రంగు కాగితం తడిసి, వెదురు బద్దలు బయటపడి, మెల్లగా ప్రవాహంలోకి జరిగింది. మనవడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఈసారి నేను వదలలేదు.

ఒడ్డుకు వచ్చిన ఆ అమ్మాయిని వాడు మళ్ళీ అడిగాడు: “నీకు ఏడుపు రాదా?”

“వస్తుంది. వచ్చే ఏడు మళ్ళీ చేస్తాను” అన్నది.

చేతిలో మిగిలిన ఎర్ర కాగితపు పువ్వు ఒకటి వాడికి ఇచ్చింది. వాడు వంద రూపాయల నోటు తీయబోయి, ఏమనుకున్నాడో, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

భూగోళానికి అవతలి వైపు, దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో, బొలీవియా దేశపు లా పాజ్ నగర వీధులలో మన సంక్రాంతికి పది రోజుల తరువాత, జనవరి 24న, అలసీతా అనే జాతర ఆరంభమవుతుంది. అక్కడ కూడా చిన్న చిన్న మేడలే. తల్లిదండ్రులు పిల్లల చేయి పట్టుకుని వెళ్ళి, తాము కోరుకున్న ఇల్లు, వాహనం, చదువు పట్టా, ధనం - వీటి బుల్లి నమూనాలను కొని, ఆశీస్సులు పొందుతారు. ఏడాదిలో అవి నిజరూపంలో దక్కుతాయని నమ్మకం. సంపదకు అధిపతి అయిన ఎకెకో అనే బొద్దు బొమ్మ ఒంటినిండా సామాను తగిలించుకుని నవ్వుతూ ఉంటుంది. ఆ ఆచారాన్ని 2017లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి పిల్లలు బుల్లి మేడను ఇంటికి తెచ్చుకుని ఆశించటం నేర్చుకుంటారు. ఇక్కడి పిల్లలు దానిని నీటిలో విడిచి, మళ్ళీ కట్టటం నేర్చుకుంటారు. బ్రతుకులో రెండు విద్యలూ కావలసినవే. వయస్సు మళ్ళినవాడిని కనుక, ఇల్లు విడువబోతున్నవాడిని కనుక, నాకు ఆ రోజున రెండవదే ఎక్కువ అవసరమనిపించింది.

తిరుగు ప్రయాణంలో మనవరాలు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగింది: “తాతయ్యా, హైదరాబాదులో టుసు ఉంటుందా?”

“ఉండదమ్మా. అక్కడ గొబ్బెమ్మలుంటాయి. పతంగులుంటాయి.”

“అయితే అక్కడ నేను ఊరు లేనిదాన్ని అవుతానా?”

నేను డెబ్బై ఏళ్ళుగా అనుభవించిన దానిని అది పదేళ్ళకే మాటలలో పెట్టింది. మనవాళ్ళ మధ్యకు పోతున్నామని మేము సంతోషిస్తుంటే, ఆ పిల్ల తనవాళ్ళను విడిచి పోతున్నది. నేను శ్రీకాకుళాన్ని తలుచుకుని కుమిలినట్లే, రేపు ఇది సువర్ణరేఖను తలుచుకుంటుంది. ఆ బాధ లేకుండా చేయగల శక్తి నాకు లేదు. నేను చేసిన పొరపాటు చేయకుండా మాత్రం ఆపగలనేమో. పోయిన ఊరిని తలుచుకుంటూ, కాలి కింద ఉన్న ఊరిని చూడకపోవటమే నా పొరపాటు.

“చౌడల్ చేయటం నువ్వు చూశావు కదా. అక్కడ నువ్వూ తమ్ముడూ చేయండి. వెదురు బద్దలు నేను చీల్చి ఇస్తాను” అన్నాను.

“నది ఉందా?”

“మూసీ ఉన్నది.”

“అందులో నీళ్ళుంటాయా?” అన్నాడు మనవడు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు నేనొక్కడినే కాదు కనుక ఊరకున్నాను.

ఇంటికి రాగానే తప్పిపోయిన సంగతి నేనే కోడలితో చెప్పాను. పిల్లల నోట వినేకంటె అదే మర్యాద. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. పిల్లవాడిని దగ్గరకు తీసుకుని, “భోజనానికి రండి మావయ్యగారూ” అన్నది. దానిలోనే అంతా ఉన్నది.

ఆ రాత్రి నేను మా ఊరి సంక్రాంతిని వర్ణించలేదు. వర్ణించటం పిల్లల వంతు అయినది. మనవరాలు పాటల పోటీ అంతా అభినయించింది. మనవడు తాను తప్పిపోయిన ఘట్టాన్ని పదిహేను నిమిషాల నుండి రెండు గంటలకు పెంచి, నదిలో ఒక మొసలిని కూడా చేర్చాడు. నా భార్య నోరు తెరుచుకుని విన్నది. అంతా అయిన తరువాత వాడు జేబులో నుండి, ఆకులో చుట్టిన సగం ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“నానమ్మా, నీ కోసం దాచాను. వాళ్ళకు కూడా అరిసెలు వచ్చు” అన్నాడు.